ఏడో గవ్వ

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో ఓ వారమంతా దాలయ్య మేష్టారికి కాళ్లు నేలమీద ఆనలేదు. ఎలా ఆనుతాయి మరి! నరసన్నపేటలో పదిహేనేళ్లుగా పిల్లలకి లెక్కలు చెబుతున్న మనిషి, ఇన్నాళ్లకి సొంతంగా ఓ లెక్క కనిపెట్టాడు. అదీ పెళ్లాం తవిటమ్మ పచ్చీసు గవ్వలతో.

గవ్వల్ని ఎన్ని రకాలుగా పోగులు పెట్టొచ్చు? రెండు గవ్వలకి రెండు రకాలు: కలిపి ఒకటే పోగు, లేదా విడివిడిగా. మూడింటికి మూడు. నాలుగింటికి ఐదు. ఐదింటికి ఏడు. ఆరింటికి పదకొండు. అమ్మబాబోయ్, అన్నీ ప్రధాన సంఖ్యలే! ఒకటీ తనూ తప్ప ఇంకేదీ భాగించలేని మొండిఘటాలు, వరస తప్పకుండా వచ్చి నిలబడ్డాయి. ఏడో గవ్వ ఎప్పుడో పోయింది, సంచీలో ఉన్నవి ఆరే. చింతపిక్కలు లేవా అంటారేమో, బోలెడున్నాయి. ఓపికే లేదు.

"మావా, ఏడుకి పెట్టి సూసినావా?" అంది తవిటమ్మ.

"సూసేదేటే! పదకొండు తర్వాత పదమూడు రాక ఏటొస్తాది? పులిహోర కట్టు, బస్సెళ్లిపోతాది."

ఆ తొందరకి కారణం ఉంది. విజయనగరంలో లెక్కల మేష్టార్ల సభ. నిరుడు అక్కడే బోర్డు మీద ఓ గుణకారం తప్పేసి, అధ్యక్షుడు లక్ష్మీనరసింహం చేత "ఎక్కాలు వల్లెవేసి రండి" అనిపించుకున్నాడు. ఆ నవ్వులు ఏడాదిగా నిద్రపోనివ్వడం లేదు. ఈసారీ నవ్వితే ఇక ఆ గుమ్మం తొక్కలేడు.

సభ వరండాలో మూట విప్పితే, పులిహోర మీద గవ్వల సంచీ ఉంది. ఇదెందుకెట్టిందిరా అని బోర్లిస్తే ఏడు గవ్వలు! సంబరంగా పోగులు పెట్టాడు. పదమూడో రకం దగ్గర మీసం దువ్వుకున్నాడు. అంతలో మూడు, రెండు, రెండు పెట్టలేదని గుర్తొచ్చింది. ఆపైన మూడు, మూడు, ఒకటి. మొత్తం పదిహేను. మూడైదులు పదిహేను!

గబగబా గవ్వలు సంచీలో పోసేశాడు. లోపల్నించి తన పేరు పిలిచారు. పారిపోదామనే అనుకున్నాడు గానీ కాళ్లు లోపలికే నడిచాయి. గవ్వల పోగుల లెక్క చెప్పి, బోర్డు మీద ఆ ఐదు సంఖ్యలూ రాసి, "ఏడు గవ్వలకి ఎంతొస్తాది బాబూ?" అన్నాడు.

"పదమూడు!" అని సభంతా అరిచింది. లక్ష్మీనరసింహం గొంతే అందరికన్నా పైన.

"అయితే పెట్టండి," అని గవ్వలు ఆయన ముందు పోశాడు. పెద్దాయన పెట్టుకుంటూ పోయాడు, పదిహేను దగ్గర నోరు తెరిచేశాడు. సభ గొల్లుమంది.

"నేనూ ఇందాకటిదాకా పదమూడే అనుకున్నానండి," అన్నాడు దాలయ్య. సిగ్గేసింది, హాయిగానూ ఉంది. లక్ష్మీనరసింహం లేచొచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

ఇంటికి రాగానే అడిగాడు. "ఏడో గవ్వ ఎక్కడ దొరికిందే?"

"బియ్యం డబ్బా ఎనకాల. నాలుగురోజులైంది."

"మరి సెప్పలేదేటే?"

"పదిహేనొస్తాది మావా అని నాను సెప్తే ఇంటావా?"

"ఇనను," అని ఒప్పేసుకున్నాడు దాలయ్య.

"అందుకే గవ్వలిచ్చి పంపినాను. ఎనిమిదికి ఇరవైరెండు. సింతపిక్కలెట్టి సూసినాను."

చొక్కా అయినా విప్పకుండా మేష్టారు ఆవిడ ఎదురుగా చాపమీద కూలబడ్డాడు. "తొమ్మిదికి నువ్వెట్టు. నాను రాసుకుంటాను."