స్టోరేజి కేబుళ్ళు తీసేసిన వారం

వెంకటసుబ్బారావుని ఆఫీసులో అందరూ స్టోరేజి సుబ్బారావు అనేవారు. కంకిపాడు రోడ్డులో ఉన్న ఆ రొయ్యల ఎగుమతి కంపెనీలో కంప్యూటర్ల పని చూసేవాళ్ళు పదకొండు మంది. కానీ సర్వర్ గదిలో డిస్కులు పేర్చి ఉన్న పెద్ద బాక్సు మీద చెయ్యి వేసే అధికారం తొమ్మిదేళ్ళుగా అతనొక్కడిదే. తూకం చీటీల దగ్గర్నుంచి ఓడకెక్కే కంటైనర్ల కాగితాల దాకా కంపెనీ సమాచారమంతా అందులోనే ఉండేది. ఆ బాక్సుని సర్వర్లకి కలపడానికి వేరే స్విచ్చులు, వేరే కేబుళ్ళు. నారింజ రంగు ఫైబర్ కేబుళ్ళు. గది ఊడ్చే మనిషి వాటి దగ్గరికి చీపురు తెచ్చినా సుబ్బారావు గయ్యిమనేవాడు.

2009లో కంపెనీ తన ఇరవై రెండు సర్వర్లనీ వర్చువల్‌గా, అంటే సాఫ్ట్‌వేర్ రూపంలోకి మార్చి నాలుగు పెద్ద మెషిన్లలో సర్దేసింది. ఒక్కో మెషిన్ వెనక నెట్‌వర్క్ కేబుళ్ళు ఆరు, స్టోరేజి కేబుళ్ళు రెండు. గాలి ఆడక మెషిన్లు వేడెక్కిపోయేవి. ఒకరోజు మీటింగులో సుధామణి లేచి, రెండు రకాల ట్రాఫిక్‌నీ ఒకే ఈథర్నెట్ కేబుల్ మీద పంపించొచ్చు, స్టోరేజికి విడిగా ఏమీ అక్కర్లేదు అంది.

సుధామణి నెట్‌వర్క్ ఇంజనీరు. చేరి ఏడాదిన్నర. వాళ్ళది బందరు దగ్గర గిలకలదిండి, నాన్న నాగులు సముద్రం మీద వేటకెళ్తాడు. మాట మెత్తన, పట్టు గట్టిది.

"అది కుదరదమ్మా," అన్నాడు సుబ్బారావు. "మీ నెట్‌వర్క్‌లో రద్దీ ఎక్కువైతే డేటా ప్యాకెట్లు దారిలో పడిపోతాయి. మళ్ళీ పంపుకుంటారు. ఈమెయిలు కాస్త ఆలస్యమైతే కొంపలేం మునగవు. డిస్కుకి వెళ్ళే డేటా అలా పడిపోతే సర్వరు బిగుసుకుపోద్ది."

"నిజమే సార్. అందుకే కొత్త స్విచ్చుల్లో స్టోరేజికంటూ ఒక వరస విడిగా పెడతారు. రద్దీ పెరిగితే కాసేపు ఆగమని స్విచ్చే వెనక్కి కబురు పంపుద్ది. ఒక్క ప్యాకెట్ కూడా పోదు. కాకపోతే ఆ సెట్టింగు, కేబులు గుచ్చే ప్రతి పోర్టు మీదా ఉండాలి."

ఈ సెట్టింగు సంగతి తనకొక్కడికే తెలుసనుకుని, దాన్ని చివరి అస్త్రంలా దాచుకుని వచ్చాడు సుబ్బారావు. ఆ అస్త్రమూ ఆమె లాగేసుకుంది. మేనేజరు దుర్గాప్రసాద్ బల్ల మీద చరిచాడు.

"బాగుందమ్మా! సుబ్బారావు గారూ, ఇక స్విచ్చులన్నీ ఈ అమ్మాయే చూసుకుంటుంది. మీకూ పని తగ్గుద్ది."

పని తగ్గుద్ది. ఆ మాట ఇంటికెళ్ళాక కూడా అతన్ని వదల్లేదు. అన్నం ముందు కూర్చుని భార్య ఛాయాదేవితో అన్నాడు: "వాళ్ళ నాన్న బుట్టలకి బుట్టలు రొయ్యలు పంపిస్తున్నాడేమో మేనేజరుకి. లేకపోతే అంత మోజేంటి?"

"రొయ్యల కంపెనీ మేనేజరుకి ఎవరో రొయ్యలు పంపాలా ఏంటండీ?" అంది ఛాయాదేవి, చారు వడ్డిస్తూ.

ఆ పూట అతను సగంలోనే లేచాడు. మర్నాటి నుంచి సుధామణి ఏం చేసినా కళ్ళలో కారం కొట్టినట్టే ఉండేది. ఆమె నవ్వినా, మేనేజరు ఆమెని కాఫీకి పిలిచినా, ఆఖరికి స్విచ్చుల కంపెనీ వాళ్ళు ఫోన్‌లో "మేడం ఉన్నారా?" అని అడిగినా సరే.

కొత్త స్విచ్చులు వచ్చాయి. కేబుళ్ళ మార్పిడి ఆదివారం అనుకున్నారు. శనివారం మధ్యాహ్నం సుధామణి నాలుగు కాగితాలు పట్టుకొచ్చింది. కొత్త స్విచ్చులు రెండింటికీ తను రాసిన సెట్టింగులు అవి.

"సార్, నెట్‌వర్క్ వైపు నేను చూసుకున్నాను. స్టోరేజి వైపు నాకు అనుభవం లేదు. మీరు ఒకసారి చదివి సంతకం పెడితే నాకు ధైర్యం."

ఆమె వెళ్ళాక సుబ్బారావు ఒక్కో లైనూ చదివాడు. మొదటి స్విచ్చు కడిగిన ముత్యంలా ఉంది. మూడో పేజీలో అతని పెన్ను ఆగింది. రెండో స్విచ్చులో, స్టోరేజి బాక్సు వైపు వెళ్ళే పోర్టుల మీద ఆ ఆపే సెట్టింగు లేదు. మర్చిపోయింది. రద్దీ లేనంతసేపూ ఏం కాదు. రద్దీ వచ్చిందా, ప్యాకెట్లు పడిపోతాయి.

లేచి చెప్పొచ్చు. పది అడుగుల దూరం. తలెత్తి చూస్తే, అద్దాల అవతల సుధామణి అటెండరు చేత నారింజ కేబుళ్ళ స్పేర్ చుట్టలన్నీ అట్టపెట్టెలో సర్దిస్తోంది. "ఇవి ఇంక అవసరం రావులే, స్టోర్ రూములో పడెయ్యి," అంటోంది.

సుబ్బారావు నాలుగో పేజీ కింద సంతకం పెట్టాడు.

ఆదివారం అంతా సజావుగా జరిగిపోయింది. సాయంత్రం నాలుగింటికి దుర్గాప్రసాద్ బందరు లడ్డూలు తెప్పించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సుబ్బారావు కూడా కొట్టాడు.

సోమవారం పదిన్నరకి చెరువుల నుంచి రొయ్యల బళ్ళు వరస కట్టాయి. పదకొండుకి తూకం కౌంటర్లో స్క్రీన్ కదలడం మానేసింది. తర్వాత బిల్లింగు, ఆ తర్వాత ఎగుమతి కాగితాలు. సుధామణి స్విచ్చుల ముందు నిలబడి చెమటలు కక్కుతోంది.

"ఏ పోర్టూ పడిపోలేదు సార్. పింగ్ కొడితే జవాబొస్తోంది. నెట్‌వర్క్ బాగానే ఉంది. మరి ఎందుకిలా?"

కిటికీలోంచి చూస్తే కింద పద్దెనిమిది బళ్ళు. ట్రేల కింద నుంచి ఐసు నీళ్ళు ధారగా కారుతున్నాయి. కైకలూరు వైపు నుంచి వచ్చే అంకాలమ్మ, ఇరవై ఏళ్ళుగా రొయ్యల వ్యాపారం చేస్తున్న మనిషి, గుమాస్తాని పట్టుకుని అరుస్తోంది. "తెల్లారగట్ల పట్టిన రొయ్యండీ! రంగు మారితే మీరే కదా వెనక్కి కొట్టేది? మిషనుకి జబ్బు చేస్తే నా రొయ్య ఆగుద్దా?"

దుర్గాప్రసాద్ గదిలోకి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. "సుబ్బారావు గారూ, మొదట్లోనే మీరు చెప్పింది నిజం. నేనే వినలేదు. పాత కేబుళ్ళే మళ్ళీ పెట్టించేద్దాం. ఎంతసేపు పడుద్ది?"

మీటింగు రోజు నుంచీ సుబ్బారావు వినాలనుకున్న మాటలివే. ఒక్క క్షణం అతనికి మనసు చల్లబడినట్టయింది.

"సాయంత్రం దాకా పడుద్దండీ," అన్నాడు.

"తప్పు నాదే సార్," అంది సుధామణి. "ఎక్కడో తెలీడం లేదు కానీ నా వైపే. స్టోరేజి వైపు తప్పుండదు. అక్కడ సుబ్బారావు సార్ చదివి సంతకం పెట్టారు."

ఆమె ఎత్తిపొడవలేదు. నిజంగా నమ్మి అంది. దుర్గాప్రసాద్ ఫోను మోగితే మాట్లాడుతూ బయటికి వెళ్ళాడు. కింద అంకాలమ్మ అరుపులు ఇంకా వినిపిస్తున్నాయి. సాయంత్రం దాకా ఆ రొయ్య నిలవదని తొమ్మిదేళ్ళు రొయ్యల కంపెనీలో పని చేసినవాడికి ఒకరు చెప్పాలా?

"రెండో స్విచ్చు సెట్టింగులు తెరువు," అన్నాడు సుబ్బారావు. "స్టోరేజి బాక్సు వైపు పోర్టులు. అక్కడ ఆపే సెట్టింగు లేదు."

సుధామణి పరుగున కీబోర్డు అందుకుంది. రెండు లైన్లు కొట్టింది, బిగుసుకుపోయిన మెషిన్లని ఒక్కొక్కటే మళ్ళీ లేపింది. ముప్పావు గంటకి కింద తూకం మొదలైంది. మొదటి చీటీ అంకాలమ్మదే.

అప్పుడు సుధామణి కుర్చీ తిప్పి అతని వైపు చూసింది.

"పొద్దుట్నుంచి మీరు స్విచ్చు తెరిచి చూడలేదు కదా సార్. అక్కడ సెట్టింగు లేదని ఎలా తెలిసింది?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ, "శనివారమే చూశాను," అన్నాడు.

ఆమె అరవలేదు. ఫైల్లోంచి ఆ నాలుగు కాగితాలు తీసి అతని చేతిలో పెట్టింది. "సెట్టింగు మర్చిపోవడం నా తప్పు. అది నేను చెప్పుకుంటాను. ఇది మీరే చెప్పుకోండి," అని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భోజనాల వేళ సుబ్బారావు ఆ కాగితాలు తీసుకుని దుర్గాప్రసాద్ గదికి వెళ్ళాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. దుర్గాప్రసాద్ నాలుగో పేజీ తిప్పి సంతకం చూశాడు. "పొద్దున మీ మాట విని ఆ పిల్ల పనంతా పీకించేసేవాణ్ణి కదండీ," అన్నాడు. మర్నాడు నోటీసు వచ్చింది. స్టోరేజి కూడా సుధామణి కిందికే వెళ్ళింది. సర్వర్ గది తాళం సుబ్బారావు దగ్గర్నుంచి తీసుకున్నారు. ఉద్యోగం మానేస్తానని ఇంట్లో ఎగిరాడు. ఛాయాదేవి అంతా విని, "మానేస్తే జరిగింది జరక్కుండా పోద్దా?" అంది. అతను మానలేదు.

సుధామణి తర్వాత అతన్ని ఏ సలహా అడగలేదు. స్టోరేజి పుస్తకాలు తెప్పించుకుని తనే నేర్చుకుంది. అతన్ని సార్ అనడం మానేసి సుబ్బారావు గారూ అంటుంటే, ఆ మర్యాద అతనికి ముల్లులా గుచ్చుకునేది. అసూయ పోయిందా అంటే పోలేదు. ఆమె ఒక్కో పనీ తప్పు లేకుండా చేస్తుంటే ఇంకా పెరిగేది. కాకపోతే దానికిప్పుడు సిగ్గు తోడైంది.

ఆగస్టులో ఒకరోజు ఆమె బల్ల దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. "ఆ స్విచ్చుల పని నాకూ నేర్పుతారా?" అన్నాడు. ఆమెని 'మీరు' అనడం అదే మొదలు.

సుధామణి తల ఎత్తకుండానే, "రేపు పదింటికి రండి," అంది.

నలభై రెండేళ్ళ సుబ్బారావు నోటుబుక్కు కొనుక్కుని వెళ్ళాడు. ఆమె నవ్వలేదు, కబుర్లు చెప్పలేదు. రెండు గంటలసేపు ప్రతి లైనూ వివరించింది. అతను అడగనివి కూడా చెప్పింది. ఒక్కటీ దాచలేదు. అతను తల వంచుకుని రాసుకుంటూ ఉండిపోయాడు.