పొద్దుగూకాక నారింజ రసం

మా బావ బాటిస్ట చేతిలోంచి చెంచా జారి పడేసరికి సూపు ఇంకా ఎవరమూ ముట్టుకోలేదు. అతని నుదుటి నిండా చెమట, కళ్ళలో కారణం లేని కోపం. భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకున్నవాడు వెంటనే తినలేదు. రాత్రి మంచుకు నారింజ కాయ దెబ్బతింటుందన్న భయంతో, నేల గడ్డకట్టకుండా తోటకు నీరు వదలడానికి వెళ్ళి, చాలాసేపటికి తిరిగి వచ్చాడు. రక్తంలో చక్కెర పడిపోతోందని గ్రహించడానికి నాకు పరికరం అవసరం లేకపోయింది.

అత్యవసర నంబరుకు ఫోన్ చేస్తే వైద్యురాలు స్పష్టంగా చెప్పింది: మింగగలిగినంతసేపు తియ్యనిది ఏదైనా తాగించాలి, స్పృహ తప్పితే నోట్లో చుక్క కూడా పోయకూడదు. అంబులెన్స్ ఆల్సీరా పట్నం నుంచి బయలుదేరిందట. తోటల మధ్య దారి వెతుక్కుంటూ అది మా ఇంటికి చేరేసరికి ఏమవుతుందో ఆమె చెప్పలేదు.

ఇంట్లో చక్కెర లేదు. బావకు మధుమేహమని తేలిననాడే మా అక్క ఎంపార్ తేనె, జామ్ సహా అన్నీ ఊళ్ళో పంచేసింది. రొట్టె నమిలే ఓపిక అతనికి లేదు. మిగిలింది వంటింట్లో బుట్ట నిండా ఉన్న నారింజలు.

ఆ మాట అనగానే ఇద్దరూ నా వంక విషం పేరెత్తినవాణ్ణి చూసినట్టు చూశారు. పొద్దున మేలు చేసే నారింజే చీకటి పడ్డాక ప్రాణం తీస్తుందని మా ప్రాంతంలో అందరూ వింటూనే పెరుగుతారు. బావ తండ్రి ఒక రాత్రి పడుకోబోతూ నారింజ తిని, తెల్లారేసరికి చనిపోయాడు. ఆయన గుండె అంతకు ఏడాది ముందు నుంచే సరిగా లేదన్న సంగతిని ఆ ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

నేనే ఒక గ్లాసు పిండి తెచ్చాను.

"మా నాన్నను చంపింది అదే," అన్నాడు బావ, నాలుక మడతపడుతూ. "బళ్ళో నీ పాఠాలతో పిల్లల ప్రాణాలు తోడేస్తున్నావు, చాలదా? ఇప్పుడు నేనా?"

కాలేయం గురించి, గ్లూకోజ్ గురించి నాకు తెలిసిందంతా చెప్పాను. అన్నీ సరైన మాటలే. అతను పళ్ళు బిగించాడు. గ్లాసు పెదవులకు ఆనించబోతే చేత్తో విసిరికొట్టాడు. గాజు నేల మీద పగిలింది. ఆ విసురుతో అతని బలం కూడా పోయినట్టుంది. తల పక్కకు వాలసాగింది.

అక్క నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాగింది.

"నిజం చెప్పరా. రాత్రిపూట ఇది చంపదా?"

"చంపదు."

"ఒట్టు వెయ్యి."

"ఒట్టేస్తే నిజం మారదక్కా. కానీ నీకు కావాలంటే, ఒట్టు."

ఆమె నమ్మలేదు. అది ఆమె ముఖంలోనే కనిపించింది. అయినా నారింజలు తీసి బల్ల మీద అరచేత్తో గట్టిగా దొర్లించి, అడ్డంగా కోసి, మధ్యలో మొన ఉన్న, రసం పిండే గాజు గిన్నె మీద ఒక్కొక్క చెక్కనూ ఒత్తి తిప్పింది. రసం గ్లాసులో పోసి, నేను చూడటం లేదనుకుని, ముందుగా తానొక గుక్క మింగింది.

తర్వాత ఆమె చేసిన పని నాకు తట్టేది కాదు. సూపు పళ్ళేలు తీసేసి, బావ ముందు కాఫీ కప్పు పెట్టింది. కిటికీల తెరలు అప్పటికే దించి ఉండటంతో బయటి చీకటి కనిపించడం లేదు. అతని భుజం మీద చెయ్యి వేసి, పెళ్ళయిన నాటి నుంచీ ప్రతి ఉదయమూ రసం ఇస్తూ అనే మాటే అదే విసుగుతో అంది:

"లే, తెల్లారింది. గబగబా తాగెయ్, విటమిన్లు ఎగిరిపోతున్నాయి."

విటమిన్లు అలా నిమిషాల్లో ఎక్కడికీ ఎగిరిపోవు. ఈ రకం నారింజల రసం నిలవుంటే చేదెక్కుతుందన్నది మాత్రం నిజం. కానీ ఆ మాట వినగానే బావ నోరు తెరుచుకుంది. అక్క గ్లాసు ఆనించగానే కళ్ళు మూసుకునే గుటకలు వేశాడు. నేను అతని గొంతునే చూస్తూ నిలబడ్డాను. అక్క రెండో గ్లాసు పిండడానికి పరుగెత్తింది.

కొంతసేపటికి చెమట ఆగింది. అతని చూపు ముందు నా మీద, తర్వాత దీపం మీద, నేల మీది గాజుముక్కల మీద నిలిచింది. ఖాళీ గ్లాసు లోపల అంటుకున్న తొనల పీచును చాలాసేపు చూశాడు.

"ఇంకా రాత్రేనా?"

"రాత్రే," అంది అక్క.

"ఎవరు పిండారు?"

"నేనే."

"నువ్వూ తాగావా?"

"ఆ. ఒక గుక్క."

అతను బెంచీ మీద పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు.

"అయితే ఇట్లా వచ్చి కూర్చో."

ఆమె వెళ్ళి కూర్చుంది. ఇద్దరూ చేతులు పట్టుకుని, ఎదురుగా ఉన్న గోడ వైపు చూస్తూ ఎదురుచూడటం మొదలుపెట్టారు. వచ్చేది అంబులెన్స్ మాత్రమేనని చెబుదామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, గాజుముక్కలు ఏరడానికి వంగాను.