పేరమ్మ పథ్యం

గంగారత్నానికి గొంతు లేదని ఊరంతా అనుకునేవారు. బళ్ళో హాజరు పిలిస్తే ఆమె పలికిన పలుకు మేష్టారికి ఏనాడూ వినపడలేదు. పక్కపిల్లలే "వచ్చిందండీ" అనేవారు. అలాంటి పిల్ల నెత్తిన చేపల గంప పెడతానన్నాడు తండ్రి కొండలయ్య.

దీనంతటికీ కారణం నాయనమ్మ పేరమ్మ దగ్గు. పేరమ్మ కొల్లేటి చేపలు గంపకెత్తుకుని కైకలూరు వీధుల్లో ఒక్క కేక వేస్తే, ఆడవాళ్ళ కంటే ముందు పిల్లులు లేచి వచ్చేవి. అంత గొంతుకీ దగ్గు పట్టుకుంది. బెజవాడ డాక్టరుగారు పరీక్షించి, "క్షయ మొదలైంది. భయం లేదు, రోజూ ఈ మాత్రలు మింగితే పోతుంది" అన్నారు. నెలలు గడిచినా పోలేదు. "ఈసారి వచ్చేటప్పటికి తగ్గకపోతే ఆసుపత్రిలో చేర్చాల్సిందే" అన్నారు.

"అమ్మ ఆసుపత్రిలో ఉంటే గంప ఎవరెత్తుతారు? ఇక బడి చాలు, నువ్వే ఎత్తాలి" అన్నాడు కొండలయ్య.

గంగారత్నం పెరట్లోకి వెళ్ళి "చేపలమ్మా, చేపలు" అని కేకేసి చూసింది. గోడ మీది కాకి తల కూడా తిప్పలేదు.

మాత్రలెందుకు పనిచేయలేదో ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు. పేరమ్మ వాటిని శనివారం మాత్రమే మింగేది.

"మందన్నాక పథ్యం ఉండొద్దటే? నీచు తిన్న నోట్లో మందేస్తే విషమైపోద్ది. మా అమ్మ పసరు తాగినన్నాళ్ళూ చారన్నమే తింది" అనేది.

చేపలు పట్టేవాళ్ళింట్లో నీచు లేని రోజేది? వెంకన్నబాబు పేరు చెప్పి ముట్టని శనివారం ఒక్కటే. మిగతా రోజుల మాత్రలు పసుపు డబ్బాలో భద్రంగా దాచేది. "మీ నాన్నతో చెప్పావో, నా మీద ఒట్టే!" అని మనవరాలి చేయి తన నెత్తిన పెట్టుకుంది కూడా.

ముగ్గురూ మళ్ళీ బెజవాడ వెళ్ళారు.

"రోజూ వేసుకుంటున్నావా?" అన్నారు డాక్టరుగారు.

"వేసుకుంటన్నా బాబూ" అంది పేరమ్మ, దగ్గుతూనే.

ఆయన ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి పెదవి విరిచారు. "మందు పనిచెయ్యటం లేదు. చేర్చేద్దాం" అంటూ కలం తీశారు. కొండలయ్య కూతురి వైపు చూశాడు. గంప అప్పుడే నెత్తిన పడ్డట్టయింది గంగారత్నానికి.

"శనివారాలే మింగుతోందండీ!"

గది అదిరింది. బయట బల్లల మీద కూర్చున్న రోగులు లోపలికి తొంగిచూశారు. డాక్టరుగారి కలం కిందపడింది.

"ఒట్టేశావు కదే!" అంది పేరమ్మ.

"నాన్నతో చెప్పనన్నాను. డాక్టరుగారితో చెప్పాను" అంటూ నీచు సంగతి, పసుపు డబ్బా సంగతి బయటపెట్టేసింది గంగారత్నం.

డాక్టరుగారు నవ్వాపుకోలేకపోయారు. "చేపలు తినొచ్చు పేరమ్మా. తినాలి కూడా. మాత్ర మాత్రం ఒక్కరోజు మానినా రోగం ముదురుతుంది."

పేరమ్మ నమ్మలేదు. "పథ్యం లేనిది మందేంటి బాబూ? అదీ మంచినీళ్ళూ ఒకటే."

"ఏదో ఒక పథ్యం పెట్టండి డాక్టరుగారూ, లేకపోతే మింగదు" అంది గంగారత్నం. వచ్చిన గొంతు ఇంకా పోలేదు.

డాక్టరుగారి చూపు పేరమ్మ బొడ్లో దోపుకున్న చుట్టల కట్ట మీద పడింది.

"పథ్యం ఉంది. చుట్ట ముట్టకూడదు. ఈ దగ్గుకి అసలు విషం అదే."

పేరమ్మ కట్టని అరచేత్తో కప్పుకుంది. పథ్యం ఉండాలన్నది తనే, కాదనటానికి లేదు. చివరికి కట్ట తీసి బల్ల మీద పెట్టింది. "నోట్లో నాలుకలేని పిల్లవనుకుంటే, నా చుట్ట తన్నుకుపోయావు కదే తల్లీ!"

సాయంత్రం బండి కోసం స్టేషన్లో కూర్చుని క్యారేజీ విప్పారు. మట్టగిడస పులుసు. పేరమ్మ రెండు ముద్దలు తిని, వెంకన్నబాబుకి దణ్ణం పెట్టి, మాత్ర మింగి గట్టిగా కళ్ళు మూసుకుంది. తండ్రీ కూతుళ్ళు ఊపిరి బిగబట్టారు. కాసేపటికి ఒక కన్ను తెరిచింది.

"ఇంకో ముక్క వెయ్యి" అంది. ముల్లు తీసుకుంటూ మనవరాలి వైపు తిరిగింది. "నా గంప నేనే ఎత్తుకుంటాలే. నువ్వు బడికే పో. రేపు హాజరు పిలిచినప్పుడు మాత్రం ఇందాకటి కేకే పెట్టు. మేష్టారు కుర్చీలోంచి పడాల!"