ముప్పై ఏళ్లు అనుకుందాం

ఆస్పత్రి భవనం లెక్కలో గోడలూ గచ్చులూ పూర్తయి, కిటికీల దగ్గరికి వచ్చాడు తూకాలాయన. అద్దం మందమెంత, చట్రం అల్యూమినియమా ఇనుమా, ఏ ఫ్యాక్టరీ నుంచి ఎంత దూరం లారీలో వచ్చింది, ఎన్నాళ్లకోసారి మార్చాలి, చివరికి పగలగొట్టాక ఎక్కడ పారబోస్తారు, అన్నీ ఒక్కొక్కటిగా కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాడు. తూకాలాయన అన్న పేరు ఆఫీసు వాళ్లు పెట్టిందే. అసలు పేరుతో జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ పని పడలేదు. మెడ ముందుకు వంగిపోయింది. చొక్కా జేబు దగ్గర సిరా మరక ఎన్నేళ్లుగా ఉందో అతనికే తెలియదు.

భవనాలు భూమి మీద మోపే భారాన్ని లెక్కగట్టే ఆఫీసు అది. ఇటుకబట్టీ పొగతో మొదలుపెట్టి, సిమెంటు కాల్చిన మంట, క్రేను తాగిన డీజిలు, మనుషులు కాపురమున్నన్నాళ్లూ తిరిగిన ఫ్యాన్లు, వెలిగిన దీపాలు, ఆఖరికి కూల్చినప్పుడు లేచే దుమ్ము దాకా అన్నీ కలిపి, పుట్టుక నుంచి చావు దాకా ఈ భవనం గాల్లోకి ఇంత కర్బనం వదులుతుంది అని తేలుస్తారు. ఈ పని అతనికి ఒంటికి పట్టేసింది. ఒక పెళ్లిలో అందరూ పెళ్లికూతుర్ని చూస్తుంటే అతను హాలు దూలాలు చూస్తూ, ఇందులో ఎంత ఇనుముందో తెలుసా అని పక్కాయన్ని అడిగాడు. ఆ పక్కాయన మెల్లగా లేచి వేరే కుర్చీలో కూర్చున్నాడు.

తన పెళ్లి సంగతి ఎవరూ గట్టిగా ఎత్తలేదు, అతనూ పట్టుబట్టలేదు. చూస్తుండగానే జుట్టు నెరిసింది. అమ్మానాన్నా పోయాక పెంచింది అక్క. బావ పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. ఊరికి అవతలి వైపు ఒక పాత అపార్ట్‌మెంటులో, రెండో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. ఆదివారం భోజనం అతనికి అక్కడే. అక్క తప్ప అతనికి ఎవరూ లేరు. ఉన్న మాట చెప్పుకోవాలంటే, ఇంకెవరైనా ఉంటే బాగుండునని అతనికి ఏనాడూ అనిపించలేదు.

కిటికీలు పూర్తికాకముందే బంట్రోతు ఒక ఫైలు తెచ్చి బల్ల మీద పడేశాడు. అక్క ఉండే భవనానిదే. కిందటేడు దాని లెక్క కట్టింది అతనే. కూల్చి కొత్తది కట్టడమా, ఉన్నదానికి మరమ్మతు చేసి పైన ఇంకో అంతస్తు వేసుకోవడమా, ఏది భూమికి తక్కువ భారం అని అపార్ట్‌మెంటు సంఘం అడిగింది. ఆ లెక్క తేలాలంటే పాత భవనం ఇంకెన్నేళ్లు నిలుస్తుందో తెలియాలి. అది ఎవరూ చెప్పలేదు. ఆ గడి ఖాళీగా వదిలేస్తే కంప్యూటరు ముందుకు కదలదు. అలాంటప్పుడు ముప్పై ఏళ్లు అనుకుందాం అని అంకె వేసి, పక్కన చుక్క పెట్టి, పేజీ అడుగున ఇది ఊహ మాత్రమే, ఇంజనీరు పరీక్షించాలి అని సన్నటి అక్షరాల్లో రాయడం ఆ ఆఫీసులో అలవాటు. పదేళ్లు వేస్తే కొత్త భవనం నెగ్గుతుంది, ముప్పై వేస్తే పాతది. అక్కకి ఆ ఇల్లు వదలడం బొత్తిగా ఇష్టం లేదు. అతని వేళ్లు ముప్పై మీదికే వెళ్లాయి. అందరూ వేసేదే కాబట్టి అందులో తప్పు కనిపించలేదు.

ఇప్పుడు పై అంతస్తు పని మొదలైంది, దాని లెక్క కూడా కలపమని ఫైలు మళ్లీ వచ్చింది. అందులో ఇంజనీరు కాగితం ఒకటుంది. భవనానికి ఇంకా ముప్పై ఏళ్ల ఆయుష్షు అని ఉంది. పోనీలే, ఎవరో ఒకరు చూశారు అని అతని ప్రాణం కుదుటపడింది. ఎలా చూశారో తెలుసుకుందామని కిందికి చదివాడు. ఇంజనీరు ఆ అంకెని అప్పిచ్చిన బ్యాంకు కాగితంలోంచి తీసుకున్నాడు. బ్యాంకుకి చెప్పింది అపార్ట్‌మెంటు సంఘం. సంఘానికి చెప్పింది ‘నిపుణుల కార్యాలయం’. అంటే తనే. చుక్క మాత్రం దారిలో ఎక్కడో రాలిపోయింది. ఎవరూ అబద్ధమాడలేదు, ఒకరి మాట మీద ఒకరు చేరబడ్డారు, అంతే. ఆ స్తంభాల మీద చెయ్యి వేసి చూసిన మనిషి ఒక్కడూ లేడు.

అప్పుడే అక్క ఫోను చేసింది.

"ఒరే, బాత్రూం తలుపు నిన్నటి నుంచి పట్టేస్తోంది. ఇవాళ వీధి తలుపూ అంతే, భుజంతో తోస్తే గాని రావట్లేదు. ఆదివారం వచ్చేటప్పుడు ఆ వడ్రంగిని వెంటబెట్టుకుని రా."

పైన పని ఎంతదాకా వచ్చిందని అడిగాడు. ఇసకా ఇటుకలూ సిమెంటు బస్తాలూ అన్నీ మేడ మీదికి చేరేశారని, నిన్నంతా క్రేను రొదతో తల పగిలిపోయిందని చెప్పింది. ఆమె చెబుతుండగానే అతని తలలో టన్నులు కూడుకుంటూ పోయాయి. ఆపుదామన్నా ఆగలేదు. తలుపులు పట్టేస్తున్నాయంటే పైబరువుకి గోడలు కుంగుతున్నాయన్నమాట.

"అక్కా, నువ్వు కిందికి దిగి ఎదురుగా మందుల షాపు దగ్గర కూర్చో. నేను వస్తున్నా."

"వస్తే ఇంటికి రా. షాపులో ఏం పని మనకి?" అని పెట్టేసింది.

అతను ఆఫీసు నడిపే మేడమ్ గదికి వెళ్లి సంగతి చెప్పాడు. ఆవిడ చెడ్డమనిషి కాదు, అంతా ఓపిగ్గా విన్నది. చుక్క పెట్టారు కదండీ, మన తప్పేముంది అంది. మనం కొలిచేది భూమి మీద భారమే గాని భవనం బలం కాదంది. రేపు పొద్దున్నే అందరికీ ఉత్తరం పంపుదామని మాట కూడా ఇచ్చింది. నగరపాలక కార్యాలయానికి ఫోను చేస్తే, భోజనాల వేళ, తర్వాత చేయమన్నారు. ఎప్పుడూ బస్సు తప్ప ఎరగని మనిషి ఆవేళ బల్ల కింది హెల్మెట్టు తలకి పెట్టుకుని టాక్సీ ఎక్కాడు.

కూలీలు కూడా భోజనాలకి వెళ్లినట్టున్నారు, మేడ మీద అలికిడి లేదు. పిట్టగోడ పైనుంచి ఇటుకల వరసలు తొంగిచూస్తున్నాయి. మెట్ల దగ్గర తెల్లటి పొడి పడి ఉంది. కాలితో పక్కకి తోశాడు. అటు తిరిగి ఇటు చూసేలోగా మళ్లీ పడింది. మూలస్తంభం మీద కొత్త చీలిక, గోరు దూరేంత. దానికి చెవి ఆనించాడు. లోపల ఎవరో బియ్యం ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నిదానంగా ఒంపుతున్నట్టుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్నో భవనాల చావుని కాగితం మీద రాశాడు గానీ, దాని చప్పుడు వినడం అదే మొదలు.

సంఘం కార్యదర్శి కింది అంతస్తులోనే ఉంటాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, పేపరు మడిచి విన్నాడు.

"మీ ఆఫీసే కదండీ ముప్పై ఏళ్లు పూచీ ఇచ్చింది? ఏడాదన్నా కాలేదు."

"అది నేను ఊరికే అనుకుని వేసిన అంకె అండీ."

"నిపుణులు ఊరికే అనుకోరు లెండి. కూర్చోండి, మంచినీళ్లు తాగండి."

అతను కూర్చోలేదు. నిజం చెబితే ఒక్కరూ కదలరని తెలిసిపోయింది. మెట్ల మధ్యలో నిలబడి, జన్మలో ఎత్తనంత గొంతెత్తి, గ్యాసు లీకవుతోంది, అందరూ రోడ్డు మీదికి పరిగెత్తండి, స్విచ్చులు ముట్టుకోకండి అని అరిచాడు. తలుపులు ధడధడా తెరుచుకున్నాయి. రానివాటిని లోపలివాళ్లు తన్ని తెరిచారు. పిల్లల్ని చంకనేసుకుని, తడి జుట్లతో, చేతికంటిన పిండితో జనం దిగిపోయారు. అందరికంటే ముందు వీధిలో ఉన్నది కార్యదర్శి.

అక్క గడపలో నిలబడి తమ్ముడి మొహం చూసింది.

"నీకు అబద్ధమాడటం చేతకాదురా. అయినా వస్తున్నాలే, పద."

ఆమె మోకాళ్లకి మెట్లంటే పడదు. రెక్క పట్టుకుని ఒక్కో మెట్టూ దింపాడు. కింది మలుపు దగ్గర ఆమె ఆగి, మూడో అంతస్తులో ఉండే వాచ్‌మన్ ఎక్కడో రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకుని ఉంటాడని, నెత్తిన బండ పడ్డా లేచే రకం కాదని చెప్పింది. అతను పైకి చూశాడు. కట్టడాలు చూడ్డానికి వెళ్లేటప్పుడు పెట్టుకునే తెల్ల హెల్మెట్టు తన తల మీంచి తీసి ఆమె తలకి పెట్టాడు. అది కనుబొమల దాకా దిగింది.

"నాకెందుకురా ఇది?"

"దుమ్ము పడుతుంది. నువ్వు నడుస్తూ ఉండు. వాణ్ని లేపి నీ వెనకాలే వచ్చేస్తా."

మందుల షాపు ముందు ఆమెకి ఎవరో స్టూలు వేశారు. కాసేపటికి వాచ్‌మన్ బనియనుతో, కళ్లు నులుముకుంటూ రోడ్డు దాటి వచ్చాడు. తమ్ముడేడని ఆమె అడిగింది. మిగతా తలుపులు కూడా ఒకసారి తట్టి వస్తానన్నారు అని చెప్పాడు.

పిట్టగోడ మీంచి ఒక ఇటుక రాలింది. ఆ తర్వాత కంకర లారీ తొట్టి ఎత్తినప్పటి చప్పుడు, చాలాసేపు. భవనం ఎటూ ఒరగలేదు, ఉన్నచోటే కూర్చుండిపోయింది. దుమ్ము వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి కమ్ముకుంది.

దుమ్ము పలచబడ్డాక కార్యదర్శి ఒక్కొక్క కుటుంబాన్నీ పిలిచి చూసుకున్నాడు. అందరూ ఉన్నారు, మనవాళ్లు ఒక్కరూ పోలేదు అని పైకే ఏడ్చేశాడు. కార్యదర్శి లెక్కపెట్టింది ఆ భవనంలో కాపురముండేవాళ్లని మాత్రమే. అక్క దుమ్ము పట్టిన ఆ హెల్మెట్టుని రెండు చేతులతో తీసి ఒళ్లో బోర్లా పెట్టుకుంది, కొంచెంసేపటికి తిప్పి చూసింది. లోపలి పట్టీ ఇంకా అతని చెమటతో తడిగానే ఉంది.