కొమ్ముబూరకు కాపలా

నేను ఒక ఇత్తడి తాళం కప్పని. అనుమానం నా వృత్తి. నన్ను తయారుచేసిన కంచరి చెవి తిప్పి చూసి, "దీన్ని దొంగైనా బతిమాలుకోవాల్సిందే" అన్నాడు. పొగిడితే ఉబ్బిపోయే రకాన్ని. ఆనాటి నుంచి నా దగ్గరకు వచ్చిన ప్రతి చేతినీ దొంగచేతిగానే చూస్తున్నాను.

నా మొదటి యజమాని ధాన్యం వ్యాపారి. గిడ్డంగికి నన్ను వేసి, లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగేవాడు. ఆయన పోయాక కొడుకులిద్దరూ నన్ను ఒక గదికి తగిలించి, ఒకరిని నమ్మక ఒకరు కాపలా కాశారు. లోపల కుంటి మంచం తప్ప ఏమీ లేదు. మనుషులు వస్తువులను కాదు, అనుమానాలను దాచుకుంటారని నాకు అక్కడే తెలిసింది.

తర్వాత పాత సామాన్ల కొట్టు. అక్కడి నుంచి విశ్వవిద్యాలయంలోని ప్రాంతీయ చరిత్ర పరిశోధన కేంద్రం. నన్నొక గాజు బీరువాకు వేశారు.

ఆ బీరువాలోకి ఒక కొమ్ముబూర వచ్చింది. జమీందారు మనుషులు పంట జప్తు చేయడానికి వచ్చిన రోజున రైతులను పొలాల్లోంచి పిలిచిన బూర అది. స్థానిక చరిత్ర సదస్సులో ప్రదర్శించడానికి దాన్ని ఊరి నుంచి తెచ్చింది పరిశోధక సహాయకురాలు సుగుణవేణి. ఊరివాళ్ళు ఊరికే ఇవ్వలేదు. "పోతే నాదీ పూచీ" అని అందరి ముందూ మాటిస్తేనే ఇచ్చారు. తాళంచెవి ఆమె కొంగున ఉండేది.

సదస్సు మొదటి రోజు మధ్యాహ్నం ఆ బూర మీద రెండు ప్రసంగాలయ్యాయి. మాట్లాడిన ఇద్దరిలో ఒక్కరూ దాని మోత విన్నవాళ్ళు కారు. భోజనాలకు పిలిచారు. చరిత్రకారులకు ఆకలి వేస్తే గది ఎంత తొందరగా ఖాళీ అవుతుందో ఆ రోజే చూశాను.

అప్పుడు తలకు కండువా చుట్టుకున్న మనిషొకడు లోపలికి వచ్చాడు. నన్ను ముట్టుకోలేదు, నా వైపు చూడనైనా లేదు. బీరువా పక్కకు వెళ్ళి, తలుపు బందుల స్క్రూలను రూపాయి బిళ్ళతో విప్పాడు. నేను తాళం వేసినట్టే వేలాడుతున్నాను, తలుపు మాత్రం అవతలి వైపు నుంచి తెరుచుకుంది! బూర తీసుకుని, చుట్టాలింటి తలుపు దగ్గరగా వేసినట్టు స్క్రూలన్నీ మళ్ళీ బిగించి వెళ్ళిపోయాడు.

భోజనాలయ్యాక గోల మొదలైంది. కేంద్రం డైరెక్టర్ చిదంబరరావు నన్ను గట్టిగా గుంజి చూశారు. నేను కదల్లేదు. పాపం, అదే సుగుణవేణి మెడకు చుట్టుకుంది.

"తాళం చెక్కు చెదరలేదు. చెవి నీ దగ్గరుంది. నన్నేమనుకోమంటావు?"

"ఏమైనా అనుకోండి సార్. నేను తియ్యలేదు."

"కొమ్ముకి కాళ్ళొచ్చాయేమో మేడమ్!" అన్నాడు ఇంకో పరిశోధకుడు రఘుపతి, పళ్ళు కుట్టుకుంటూ. పక్కవాళ్ళు నవ్వారు.

"రేపు ముగింపు సభలోగా అది ఇక్కడ ఉండాలి. లేకపోతే పోలీసులకు చెబుతాను. నీ ఉద్యోగం మీద ఆశ వదులుకో" అని డైరెక్టర్ వెళ్ళిపోయారు.

ఆమె నా పక్కనే నిలబడి ఊరికి ఫోన్ చేసింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఆమె ముఖంలో ఉద్యోగం పోతుందన్న దిగులు కన్నా, ఆ ఊళ్ళోకి మళ్ళీ ఏ ముఖంతో వెళ్ళాలన్న భయమే ఎక్కువ కనిపించింది. తప్పు చేయని మనిషి మీద నేనే సాక్ష్యమై కూర్చున్నాను. పగిలిపోయి ఉంటే బాగుండునని ఒక తాళం కప్ప కోరుకోవడం ఎక్కడైనా విన్నారా?

మర్నాడు ముగింపు సభ మొదలవుతుండగా ఆ మనిషే మళ్ళీ వచ్చాడు. ఈసారి తలకు కండువా లేదు, గుండు. చేతిలో బూర. సుగుణవేణి లేచి నిలబడింది. "గురయ్య పెదనాన్నా!"

ఊళ్ళో ఆమె అలా వరస కలిపి పిలిచే మనిషి; ఊరి బూరను తరతరాలుగా దాచింది ఆయన ఇంటివాళ్ళే.

"దొంగతనం చేసి మళ్ళీ సభకు వచ్చావా?" అన్నారు డైరెక్టర్.

"దొంగతనమేటి బావూ, మా కొమ్ము నాను తీసుకున్నాను. మా అన్న పోయినాడు. కొమ్ము ఊదందే మా ఈదిలోంచి పాడె కదలదు. నిన్న పొద్దున్నే నీకు పోన్ సేసి సెప్పినాను గదా."

"నాకా?"

"నీకే. 'కమిటీ కూసోవాల, అప్పుడు సూద్దాం' అన్నావు. సచ్చినోడు కమిటీ కూసున్నదాకా ఉంటాడేటి?"

రఘుపతి పళ్ళు కుట్టుకోవడం మానేశాడు.

"హడావుడిలో... మర్చిపోయాను" అన్నారు డైరెక్టర్, ఎవరి ముఖమూ చూడకుండా.

"మర్సిపోతే పోనావు. ఈ అమ్మి మాటిచ్చింది, దాని మాట పోకూడదని బూడిద సల్లారకుండానే తిరిగి తెచ్చినాను. అట్టుకోమ్మా."

సుగుణవేణి బూర అందుకుంది. బీరువాలో పెట్టలేదు. కాసేపు రెండు చేతులతో పట్టుకుని, మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టింది.

"నా మాట నిలబడింది పెదనాన్నా. ఇంక ఇంటికి తీసుకెళ్ళండి."

"సదస్సు ఇంకా ముగియలేదు!" అన్నారు డైరెక్టర్.

ఆమె కొంగు ముడి విప్పి తాళంచెవి ఆయన ముందు పెట్టింది. "బూర ఊరిది సార్. ఇది మీది. మీ దగ్గరే ఉంచుకోండి." పెదనాన్నతో బస్టాండు దాకా వెళ్ళొస్తానని చెప్పి బయటికి నడిచింది. ఉద్యోగం గురించి ఆ తర్వాత ఎవరూ ఆమె దగ్గర ఎత్తలేదు.

ఇప్పుడు నేను కాపలా కాస్తున్నది కొమ్ముబూర ఫొటోకి. డైరెక్టర్ గారు సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు నన్ను లాగి చూస్తారు. చెవి జేబులో ఉందో లేదో తడుముకుంటారు. రెండడుగులు వేసి మళ్ళీ వచ్చి తడుముకుంటారు. చెవి ఆయన ఒక్కరి దగ్గరే ఉంది మరి. అనుమానించడానికి ఆయనకు ఆయనే మిగిలారు.