ఎడమచేతి అలవాటు

కొత్త మోటారు సైకిలు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. బురుల్ రెండు కాళ్ళూ నేలకు ఆన్చి, పడకుండా ఆపుకుని, అలాగే కూర్చుండిపోయింది. పొద్దున్నే ఇలా కావడం మొదటిసారి కాదు. మళ్ళీ స్టార్ట్ చేయడానికి కూడా ఒంట్లో ఓపిక లేదు. గడ్డి మీద గడ్డకట్టిన మంచుబిందువులు ఇంకా కరగలేదు. గొర్రెలు ఆమెకేసి ఓసారి చూసి తిరిగి మేతలో పడ్డాయి.

"ఏంటి వదినా, మళ్ళీ తన్నిందా?" గుర్రం మీంచి అడిగాడు కుబాన్. అతను ఆమె భర్త ఎసెన్‌కు చిన్నాన్న కొడుకు. "గుర్రమైతే తన్నే ముందు చెవులు వెనక్కి పెడుతుంది. దీనికి చెవులు కూడా లేవు."

"నీకున్నాయిగా, చాలు. ఊరి మాటలన్నీ వాటిలోనే కదా పడేది."

కుబాన్ నవ్వాడు. ఆ నవ్వులో కుళ్ళు లేదు. ఉంటే ఆమెకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఈ మంద ఊరందరిదీ. వేసవి మొదట్లో ఎవరి గొర్రెల్ని వాళ్ళు తెచ్చి అప్పగిస్తారు. వాటిని జైలోకు, కొండల పైనున్న మేతనేలకు, తోలుకొచ్చి మంచు పడకముందే కిందికి దింపాలి. ఏళ్ళ తరబడి ఆ పని ఎసెన్‌ది. కిందటేడు గుర్రం అతన్ని మోసుకునే రాళ్ళలో పడింది. గుర్రం దక్కలేదు. అతనికి తుంటి విరిగింది. అప్పట్నుంచీ మంద ఆమెదే. మంద లేకపోతే ఇల్లు గడవడానికి వేరే దారి లేదు.

ఊరి పెద్ద తెమిర్‌కుల్ మొన్న పైకి వచ్చి, గుర్రప్పాలు పులియబెట్టిన కుమిస్ తాగి, గిన్నె కింద పెట్టి నెమ్మదిగా అన్నాడు. "నీ మీద కోపం లేదు కోడలుపిల్లా. కానీ నువ్వు అలిసిపోయావు. అది అందరికీ కనబడుతోంది. దిగేరోజు చీకటి పడేలోగా మందంతా ఊరి దొడ్లో ఉంటే వచ్చే ఏడూ నీదే. లేదంటే కుబాన్‌కి ఇస్తాం. కొత్తగా పెళ్ళయినోడు, వాడికీ పని కావాలి."

ఆ దిగేరోజు ఇవాళే. ఎసెన్ గుడారం కర్రలు, కంబళ్ళు వేసుకుని తెల్లవారకముందే లారీలో వెళ్ళిపోయాడు. తోడుగా కుబాన్‌ను పంపింది కూడా తెమిర్‌కులే. సాయానికా, సాక్ష్యానికా అన్నది ఆమె అడగలేదు.

బండిని తెచ్చింది ఆమె తమ్ముడు నూర్దిన్. పట్నంలో ఉంటాడు, విదేశీయుల్ని మోటారు సైకిళ్ళ మీద కొండలు తిప్పి చూపించే పని. ఎప్పుడో తాడు లాగి బెణికిన ఆమె ఎడమ మణికట్టు సాయంత్రమయ్యేసరికి వాస్తుందనీ, పాత రష్యా బండి ఇజ్ క్లచ్ నొక్కలేకపోతోందనీ తెలిసి ఇది పట్టుకొచ్చాడు.

"దీనికి క్లచ్ వైరు లేదక్కా. లోపల నూనె ఉంటుంది, అదే తోస్తుంది. హైడ్రాలిక్ క్లచ్ అంటారు. ఒక్క వేలు చాలు. వైరులా సాగదు, బిగించే పనుండదు. దానంతట అదే సరిపెట్టుకుంటుంది."

"దానంతట అదే సరిపడేది నేనింతవరకు ఏదీ చూళ్ళేదురా," అంది బురుల్.

వేలితో నొక్కితే లివర్ వెన్నలా దిగింది. చిక్కంతా వదలడంలోనే. పాత బండి క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో వైరు బిగువులోంచి చేతికి ముందే తెలిసేది. దీనిలో ఏమీ తెలియదు. ఇంకా రాలేదు, ఇంకా రాలేదు అనుకుంటుండగానే వేళ్ళ చివర్లో పట్టేసి ముందుకు దూకుతుంది. లేదా ఆగిపోతుంది.

ఆమె మళ్ళీ స్టార్ట్ చేసింది. ఈసారి కదిలింది. మంద కూడా కదిలింది.

మధ్యాహ్నం దాకా బాగానే సాగింది. కుబాన్ వెనక నుంచి అదిలిస్తుంటే, ఆమె పక్కన నడక వేగంతో పోతూ, అటూ ఇటూ చెదిరేవాటిని లోపలికి నెడుతూ ఉంది. అంత నెమ్మదిగా పోవాలంటే క్లచ్ సగం పట్టి, సగం వదులుతూ ఉండాలి. ఎండబెట్టిన పెరుగు ఉండ, కుర్త్, ఒకటి బుగ్గన పెట్టుకుని, అది కరిగేదాకా ఏమీ ఆలోచించకుండా నడిపింది. నిద్ర ముంచుకొస్తోంది. రాత్రి తోడేలు అరుపుకు కుక్కలు పడుకోనివ్వలేదు.

దిగే దారికి అడ్డొచ్చే కనుమ ఎక్కుతుండగా బండి లాగడం మానేసింది. ఇంజను గోల పెడుతోంది గానీ చక్రం తిరగడం లేదు. ఏదో కాలిన వాసన వచ్చింది.

"వదినా, ఏదో మాడుతోంది."

"నాకూ ముక్కుంది."

"తినేదైతే బాగుణ్ణు."

ఇంజను ఆపేసింది. చెయ్యి పీకుతుంటే వేళ్ళు విదిలించి ఒళ్ళో పడేసుకుంది. కుబాన్ ఒక్కడే మందను పైకి తోలుకుంటూ పోయాడు. కాసేపటికి ఆమె చూద్దామని స్టార్ట్ చేస్తే బండి ఏమీ ఎరగనట్టు చక్కగా లాగింది. మందను అందుకుంది. ఓ మలుపు దాటేసరికి మళ్ళీ అదే గోల, అదే వాసన. మళ్ళీ ఆపింది, మళ్ళీ కాసేపటికి బాగైంది. మూడోసారి ఆగినప్పుడు ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా శ్రమ పడాలనిపించి ఊరుకుంది.

అప్పుడే చూసింది. దారి రెండుగా చీలేచోట మందకు ముందు నడిచే మేకపోతు ఎడమకు తిరిగింది. అటు వాగుంది, దాని అవతల పొదలు. గొర్రెలు దాని వెనకే తాడు జారినట్టు జారుతున్నాయి. ఆ పొదల్లో దూరితే రేపటిక్కూడా ఏరుకురాలేరు. కుబాన్ మంద తోక దగ్గర ఉన్నాడు. అతని గుర్రానికి మంద మొత్తం అడ్డం.

బురుల్ స్టార్ట్ చేసి లివర్ వదిలింది. బండి లాగింది. వెంటనే ఎడమచేతి వేళ్ళు రెండు వెళ్ళి లివర్ మీద వాలాయి. ఆమె ఆ వేళ్ళ వంక చూసింది.

తను వాలమనలేదు. చిన్నప్పటి నుంచీ కళ్ళెం ఆ చేతిలోదే. బిగించకుండా, వదలకుండా, గుర్రం నోటికి తన చెయ్యుందని తెలిసేంత బిగువు. పాత బండి మీదా వేళ్ళు అలాగే ఉండేవి. వైరులో వదులుండేది కాబట్టి చెల్లింది. దీనిలో వదులు లేదు. వేళ్ళు ఆన్చినంత సేపూ లోపల నూనె వెనక్కి పోయే దారి మూసుకుపోతున్నట్టుంది. వేడెక్కి ఉబ్బిన నూనె క్లచ్‌ను పట్టనివ్వడం లేదు. బాగైన ప్రతిసారీ ఏం జరిగింది? చెయ్యి నొప్పెట్టి తీసేసింది, అంతే. బండి చల్లారిందనుకుంది. చల్లారడంతో పాటు చెయ్యి తీయడమూ పనిచేసిందన్నమాట.

వేళ్ళు లివర్ మీంచి తీసి పిడి చుట్టూ బిగించింది. కళ్ళెం లేని గుర్రం మీద కొండ దిగుతున్నట్టుంది. వేళ్ళు మళ్ళీ లేచాయి. మళ్ళీ దించింది. గేరు మార్చేటప్పుడు మాత్రం నొక్కి, పూర్తిగా వదిలేసింది. బండి ఏటవాలు గడ్డి మీద అడ్డంగా పోయి, మంద పక్కగా చుట్టు తిరిగి, వాగు ఒడ్డున మేకపోతు ముందు నిలిచింది.

మేకపోతు ఆమెను చూసింది. ఆమె హారన్ కొట్టింది. అది కాస్త ఆలోచించి, వచ్చిన దారి తన ఇష్టంతోనే పడుతున్నట్టు వెనక్కి తిరిగింది.

తర్వాత కూడా ఊరి దాకా ఆ వేళ్ళతో పోరు తప్పలేదు. ఏమరుపాటున వాలేవి, దించేది. బండి మాత్రం మళ్ళీ ఆగలేదు.

దొడ్డి దగ్గరకు చేరేసరికి ఇంకా వెలుతురుంది. ఊరివాళ్ళు లోపలికొచ్చి, చెవి గాట్లు, వీపు మీది రంగులు చూసి ఎవరి గొర్రెల్ని వాళ్ళు లాక్కుంటున్నారు. ఎవరిదీ తప్పిపోలేదు. తెమిర్‌కుల్ కర్ర మీద ఆనుకుని కుబాన్‌ను పిలిచాడు.

"నిజం చెప్పరా. బండి ఎలా నడిచింది?"

కుబాన్ గుర్రం జీను పట్టీ విప్పుతున్నాడు. తలెత్తలేదు. "ఆగింది పెదనాన్నా. కనుమ మీద మూడుసార్లు ఆగింది."

బురుల్ నేలకేసి చూసింది. అబద్ధం కాదుగా.

"మేకపోతు వాగు దారి పట్టింది," అన్నాడు కుబాన్. "నేను వెనకున్నా, అందుకోలేను. వదిన చుట్టు తిరిగి తిప్పింది. లేకపోతే ఈపాటికి లాంతర్లు పట్టుకుని పొదలు తడుముతుండేవాళ్ళం." జీను దించి, "నాకే పని వచ్చేది అప్పుడు," అన్నాడు.

తెమిర్‌కుల్ గడ్డం నిమురుకున్నాడు. "అయితే వచ్చే ఏడూ నువ్వే కోడలుపిల్లా."

వచ్చే ఏడు అన్న మాట వినగానే ఆమె ఒళ్ళు ఇంకా బరువెక్కింది. ఆ తెల్లవారుజాములు, ఆ కుక్కల అరుపులు. వద్దనలేదు, వద్దంటే ఇల్లు గడవదు.

"ఒక్కదాన్నే అయితే నావల్ల కాదు మామయ్యా. కుబాన్‌ని కూడా వేయండి. వచ్చేది చెరిసగం."

"ఇద్దరికీ చాలుతుందా?"

"చాలకపోతే ఇద్దరం చిక్కిపోతాం."

"మా ఆవిడ ఇప్పటికే నన్ను చిక్కావంటోంది," అన్నాడు కుబాన్. కానీ మొహం తిప్పుకున్నాడు.

ఇంటికి వచ్చి బురుల్ పొయ్యి పక్కన కంబళి మీద ఒరిగింది. ఎసెన్ ఊతకర్ర ఈడ్చుకుంటూ వచ్చాడు.

"ఏమన్నారు?"

"వచ్చే ఏడు కూడా. కుబానూ వస్తాడు."

ఎసెన్ ఊతకర్ర గోడకు ఆన్చాడు. "టీ పొయ్యనా?"

"లేచి తాగాలిగా."

"పోనీ బూట్లు విప్పనా?"

"నువ్వు వంగలేవు."

"వంగలేను," ఒప్పుకున్నాడు ఎసెన్.

"అయితే ఉండనీ," అని ఆమె కళ్ళు మూసుకుంది.