వలందా పటానికి లామినేషన్

ఇంట్లో విలువైన కాగితం ఏది కనపడినా లామినేషన్ చేయించడం భాగ్యమ్మకు అలవాటు. రేషన్ కార్డు, పొలం పాస్‌బుక్కు, భర్త మరణ ధ్రువపత్రం, అన్నీ ప్లాస్టిక్కులోనే ఉన్నాయి. ఆవిడ పుట్టిల్లు దివిసీమ. డెబ్భై ఏడు ఉప్పెన ఆ ఇంట్లో ఒక్క కాగితాన్నీ మిగల్చలేదు. తండ్రి ఎలా ఉండేవాడో చూపించుకోవడానికి ఫోటో కూడా లేదు.

కోడలు నిస్సీ బీరువాలోంచి చనిపోయిన తన తండ్రి అబ్రహాముగారు దాచిన పాత మ్యాపు తీసి, "శనివారం బందరులో పాత వస్తువుల ప్రదర్శనలో పెడతారత్తయ్యా, నాన్న పేరు రాసి మరీ" అనగానే ఆవిడకు బెంగ పట్టుకుంది. వలందాల కాలం నాటి పటం అది. బందరులో డచ్చివాళ్లను అలాగే అంటారు. జాజికాయ, లవంగం పండే దీవులు సముద్రంలో పనసగింజల్లా చెదిరి ఉన్నాయి. మడతల దగ్గర చిరుగుతోంది. పదిమంది చేతులు పడితే ఇంకేం మిగులుతుంది?

నిస్సీ బడికి వెళ్లగానే భాగ్యమ్మ పటాన్ని గుడివాడ బస్టాండు దగ్గర రషీద్ జిరాక్స్ షాపుకు తీసుకెళ్లింది.

"ఇంక చూసుకోనక్కర్లేదు పిన్నిగారూ, వందేళ్లుంటుంది" అన్నాడు రషీద్, వేడివేడిగా చేతికిస్తూ.

సాయంత్రం నిస్సీ ప్లాస్టిక్కు అంచును గోటితో గీకి చూసింది. ఒక మడత దగ్గర రంగు ముద్దకట్టి నల్లబడింది.

"ఊడదీయలేమత్తయ్యా. కాగితం కూడా వచ్చేస్తుంది."

నాలుగు మాటలన్నా బాగుండేదనిపించింది భాగ్యమ్మకు. "పాడైందని ప్రదర్శనవాళ్లకు ఫోన్ చేసి చెప్పేస్తాను" అంది నిస్సీ.

"చేసింది నేనైతే నువ్వు చెప్పడమేంటి? నేనే వచ్చి చెప్తాను."

శనివారం బస్సు పామర్రు దాటింది, గూడూరు దాటింది. పటం భాగ్యమ్మ ఒళ్లోనే ఉంది.

ప్రదర్శన ఏర్పాటు చేస్తున్న సోమేశ్వరరావుగారి ముందు భాగ్యమ్మే పటం పెట్టింది. "మా కోడలికి తెలీదండి. నీళ్లు తగలకూడదని నేనే చేయించాను."

ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎన్నాళ్లుంటుందన్నాడమ్మా షాపతను?"

"వందేళ్లండి."

"మూడొందల ఏళ్ల నుంచి ఉన్నదానికి వందేళ్లు ఆయుష్షు పోశాడన్నమాట."

భాగ్యమ్మ తల దించుకుంది. ఆయన నిస్సీ వైపు తిరిగాడు. "దీన్ని అద్దాల పెట్టెలో పెట్టలేనమ్మా. కానీ పెట్టెల్లోవి పిల్లల్ని ముట్టుకోనివ్వం. దీన్ని విడిగా బల్ల మీద వేస్తే ముట్టుకుని చూస్తారు. నీకిష్టమైతేనే."

నిస్సీ పటాన్ని తన వైపు తిప్పుకుంది. "నాన్న పేరు రాస్తారా?"

"రాస్తాం. లామినేషన్ సంగతీ రాయాలి."

"అక్కడ నా పేరు రాయండి" అంది భాగ్యమ్మ.

పదకొండింటికి బడిపిల్లలు వచ్చి బల్ల చుట్టూ మూగారు. కాపలా ఉన్నట్టు భాగ్యమ్మ పక్కనే కుర్చీలో కూర్చుంది. దూరంగా గోడ దగ్గర నిలబడ్డ నిస్సీ, పిల్లలు దీవుల మీద వేళ్లు పెట్టి అడుగుతుంటే ఉండబట్టలేక దగ్గరికొచ్చింది. వలందాలు బందరు బట్టలు పట్టుకెళ్లి ఇచ్చి, ఈ దీవుల్లో జాజికాయలు తీసుకునేవాళ్లని తండ్రి చెప్పిందంతా చెప్పింది.

"మరి బందరేది టీచర్?" అంది ఒక పిల్ల.

"ఇందులో లేదు. ఇటు, చాలా దూరం." నిస్సీ వేలు పటం దాటి, బల్ల అంచు దాటి, భాగ్యమ్మ భుజం దగ్గర ఆగింది.

"కొంచెం జరగండత్తయ్యా. బందరు అక్కడికొస్తుంది."

భాగ్యమ్మ కుర్చీ జరుపుకుంది.